కనకవరం చూడకుండా వెళ్ళరాదు

కనకవరంలో విమానం దిగేవాళ్ళు రోజుకు వేలమంది. కనకవరం కోసం దిగేవాళ్ళు మాత్రం దాదాపు ఎవరూ లేరు. అందరూ అక్కడ ఒక విమానం దిగి, ఇంకో విమానం కోసం కుర్చీల్లో కూలబడి, సమోసా తిని, కాళ్ళు చాపుకుని కునుకు తీసి, తమ దారిన తాము పోతారు. గాజు గోడల్లోంచి అవతల ఊరు కనపడుతూనే ఉంటుంది. ఒక్కరూ తల తిప్పి చూడరు. ఈ సంగతి ఆ ఊరి పెద్దలకు చాలాకాలం పట్టలేదు. పట్టిన రోజున మాత్రం గట్టిగా పట్టింది.

పట్టించినవారు విశ్వంభరరావుగారు. ఆయన పర్యాటక శాఖలో ప్రత్యేకాధికారి. ఏ పనికి ప్రత్యేకమో అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా. ఒకసారి విదేశీ పర్యటన ముగించుకుని వస్తూ ఆయన ఎక్కడో ఒక పెద్ద నగరంలో విమానం మారవలసి వచ్చింది. అక్కడివాళ్ళు ఆయన్ని ఉచితంగా బస్సెక్కించి, ఊరంతా తిప్పి, వేళకు తెచ్చి దించారు. ఇష్టమున్నవాళ్ళు వెళ్ళారు, లేనివాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. విశ్వంభరరావుగారికి ఆ పథకం అమోఘంగా నచ్చింది. అందులో ఇష్టం అనే లోపం ఒక్కటే ఆయనకు కనపడింది. ఊరు చేరగానే ఆ లోపాన్ని సరిదిద్ది, దానికి ‘విరామ సద్వినియోగ పథకం’ అని పేరు పెట్టి, జీవో తెప్పించారు.

జీవో చెప్పేది చిన్న సంగతే. కనకవరంలో మూడు గంటలు, ఆపైన ఆగే ప్రతి ప్రయాణికుడూ ఆ సమయాన్ని సద్వినియోగం చేసుకుని తీరాలి. అంటే నగరం చూడాలి. చూస్తే చాలదు, ఆనందించాలి. ఆనందించినట్టు రుజువైతేనే తరువాతి విమానం ఎక్కనిస్తారు.

ఆ జీవో ఇంకా కొత్తగా ఉండగానే భీమశంకరం కనకవరంలో దిగాడు.

భీమశంకరం రాజమండ్రి బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. బతుకంతా మైకు ముందు కూర్చుని, “భద్రాచలం వెళ్ళు ప్రయాణికులు త్వరపడవలెను” అంటూ లోకాన్నంతా ఊళ్ళకు పంపించాడు గానీ, తాను ఎక్కడికీ వెళ్ళలేదు. భార్య మాణిక్యాన్ని అసలే తీసుకెళ్ళలేదు. పక్కనే గోదావరి, రేవులో లాంచీ, పాపికొండలకైనా పోదామండీ అని ఆవిడ పెళ్ళైన కొత్తలో అడిగింది. డ్యూటీ అన్నాడు. రిటైరయ్యాక చూద్దాంలే అన్నాడు. రిటైరయ్యాక నడుం నొప్పన్నాడు. ఆ నడుం నొప్పితోనే రోజూ బస్టాండుకు పోయి, బెంచీ మీద కూర్చుని, బస్సులు వేళకు వస్తున్నాయో లేదో చూసి, రాకపోతే తనలో తాను విసుక్కుని ఇంటికొచ్చేవాడు.

ఒకనాడు మాణిక్యం పెట్టె సర్దుకుని ఇండోరులో ఉన్న చెల్లెలింటికి వెళ్ళిపోయింది. పోట్లాట లేదు, ఏడుపు లేదు. గుమ్మం దాటుతూ, “పులుసు పొయ్యి మీదుంది, దించుకోండి” అని మాత్రం చెప్పింది.

కొన్నాళ్ళకు ఫోను చేసింది. “ఆదివారం చెల్లెలి గృహప్రవేశం. మీరొచ్చారా, మీతో వచ్చేస్తాను. రాలేదనుకోండి, ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది కుట్టుమిషను ఒక్కటే. అది తెచ్చేసుకుని ఇక్కడే ఉండిపోతాను.”

ఆ మిషను చప్పుడు లేకపోయేసరికి భీమశంకరానికి అప్పటికే ఇల్లు ఇల్లులా లేదు. రాత్రి అన్నం సహించడంలేదు, పగలు బస్టాండు సహించడంలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం టిక్కెట్టు కొన్నాడు. శనివారం పొద్దున్న రాజమండ్రిలో ఎక్కి, కనకవరంలో దిగి, నాలుగు గంటలాగి ఇంకోటెక్కితే సాయంత్రానికల్లా ఇండోరు. గృహప్రవేశానికి ముందురోజే పోయి, మరదలి ముందు మామిడి తోరణం తానే కట్టాలని కూడా అనుకున్నాడు.

కనకవరంలో దిగి, బోర్డుకు ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని, సంచీ రెండు కాళ్ళ మధ్యన బిగించుకుని కూర్చున్నాడు. బోర్డు మీద తన విమానం కనపడుతున్నంతసేపూ ఆయనకు కొండంత ధైర్యం.

“నమస్కారం సార్. కనకవరం మిమ్మల్ని రెండు చేతులూ చాచి ఆహ్వానిస్తోంది,” అంది ఒకమ్మాయి. పసుప్పచ్చ టోపీ పెట్టుకుంది. ఛాతీ మీద బిళ్ళలో ‘మృణాళిని, మార్గదర్శి’ అని ఉంది.

“చాలా సంతోషమమ్మా. నేనిక్కడే కూచుంటాను.”

“కూచోకూడదు సార్. మూడు గంటలు దాటినవాళ్ళు కూచుంటే దుర్వినియోగం కిందికొస్తుంది.”

“ఏది దుర్వినియోగం?”

“సమయం సార్.” ఆ అమ్మాయి ఆయన నెత్తిన కూడా ఒక పసుప్పచ్చ టోపీ పెట్టింది. “మీ ఇంట్లోవాళ్ళది ఒక ఫోన్ నంబరు చెప్పండి. మీకేమైనా అయితే చెప్పాలి కదా.”

ఏమవుతుందో అర్థంకాక భీమశంకరం మాణిక్యం నంబరు చెప్పాడు. అది తప్ప ఆయనకు నోటికొచ్చిన నంబరు ఇంకోటి లేదు.

బస్సు బయల్దేరింది. నిద్రలేనివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, శవయాత్రకు పోతున్న ఒక కుటుంబం, అందరి నెత్తినా టోపీలే. మొదట గడియార స్తంభం దగ్గర ఆగింది. “గడియారం రిపేరుకెళ్ళింది. స్తంభం చూడండి,” అంది మృణాళిని. అందరూ దిగి స్తంభం చూశారు.

అక్కణ్ణించి చెరువు. “మా నగరానికి తలమానికం ఈ చెరువు. ప్రస్తుతం పూడిక తీస్తున్నారు. వానలకు వచ్చేస్తుంది. అంతవరకూ పడవ విహారం ఆపకూడదని పైనుంచి ఆర్డరు.”

నెర్రెలిచ్చిన మట్టిలో ఒక పడవ ఉంది. ప్రయాణికులకు తేలే జాకెట్లు తొడిగి అందులో కూర్చోబెట్టారు. ఇద్దరు మనుషులు చెరోపక్కా నిలబడి పడవను మెల్లగా ఊపారు. ఒకావిడకు నిజంగానే కడుపులో తిప్పింది. ఆవిడకు నిమ్మకాయ ఇచ్చారు. అన్ని ఏర్పాట్లూ ఉన్నాయన్నమాట. ఒడ్డున నిలబడి ఒకడు అందరికీ ఫోటోలు తీశాడు.

ఆఖరుది సూర్యాస్తమయ కేంద్రం. అక్కడికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. “సూర్యుడు సాయంత్రం అదిగో, ఆ రెండు సెల్ టవర్ల మధ్యన దిగుతాడు. ఇప్పుడు నడినెత్తిన ఉన్నాడు కాబట్టి మనమే కొంచెం ఊహించుకోవాలి,” అంది మృణాళిని. నలభైమంది మండుటెండలో నిలబడి ఊహించుకున్నారు. భీమశంకరం మాత్రం చేతి గడియారం చూసుకున్నాడు.

విమానాశ్రయం గుమ్మంలో ఒక చిన్న కెమెరా, దాని కింద ఎర్ర అంకెలు. దాని పేరు ఆనందమాపకం. మనిషి దాని ముందు నిలబడితే మొహం చూసి నూటికి ఇన్నని మార్కులేస్తుంది. అరవై వస్తే పాసు. ఊరు చూడడం అయిపోయిందన్న ఆనందంతో చాలామంది తేలిగ్గానే గట్టెక్కారు. చెరువులో కడుపు తిప్పినావిడకైతే ఎనభై దాటాయి. భీమశంకరం నిలబడ్డాడు. బోర్డు మీద ఇండోరు విమానం పక్కన ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. ఆయన కళ్ళన్నీ దానిమీదే ఉన్నాయి.

పదకొండు మార్కులు వచ్చాయి.

ఆయన్ని విశ్వంభరరావుగారి గదికి తీసుకెళ్ళారు. గోడనిండా నవ్వుతున్న ప్రయాణికుల ఫోటోలు. విశ్వంభరరావుగారు ఒక్కరే నవ్వడం లేదు.

“కూర్చోండి. పదకొండు మార్కులు! ఈ అంకె మాకు వ్యక్తిగతంగా బాధ కలిగించింది. నగర సౌందర్యం తమను ఏ దశలో స్పృశించలేకపోయిందో సెలవిస్తారా?”

“బాగానే స్పృశించిందండి. నా విమానం పోతుందండి.”

“విమానాలు వస్తాయి, పోతాయి. కనకవరం ఇక్కడే ఉంటుంది.”

“అందుకేనండి, నేను పోయి మళ్ళీ వస్తానండి. మా ఆవిడ ఇండోరులో ఉందండి. రేపు నేను కనపడకపోతే ఇంక ఇంటికి రానందండి.”

విశ్వంభరరావుగారు సానుభూతితో తలాడించారు. ఆ తలాట ఎంతసేపు సాగిందంటే, అది ముగిసేసరికి విమానం లేచిపోయింది. “నిరుత్సాహపడకండి. తప్పినవారికి రేపు సప్లిమెంటరీ ఉంటుంది. పైగా ఇప్పుడు తమ విరామం ఒక రోజుకు పెరిగింది కనుక తమరు ప్రథమ శ్రేణి ‘దర్శనం’ నుంచి ద్వితీయ శ్రేణి ‘పరిచయం’లోకి ఉన్నతి పొందారు. అభినందనలు.”

భీమశంకరం బయటికొచ్చి నిలబడ్డాడు. ఎన్ని వేలమంది బస్సు తప్పి తన కిటికీ ముందుకొచ్చి ఇలా నిలబడ్డారో ఆయనకు గుర్తొచ్చింది. వాళ్ళందరికీ తాను చెప్పిన ‘తర్వాత బస్సుంది’ అన్న జవాబు కూడా గుర్తొచ్చింది. అది తల్చుకుంటే సిగ్గేసింది.

అంతలో ఫోను మోగింది. మాణిక్యం.

“ఏవండీ, పడవెక్కారంట కదా.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరో ఫోటో పంపారు. ‘మీ ఆత్మీయులు మా నగరంలో పరవశించిపోతున్నారు’ అని కింద రాశారు. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. పెళ్ళి ఫోటోలో కూడా ఇలా నవ్వలేదు మీరు.”

“నేను నవ్వలేదే మాణిక్యం. అసలక్కడ నీళ్ళే లేవు.”

“నీళ్ళు లేకపోయినా పడవెక్కారు. గోదారి నిండా నీళ్ళుంటే నడుం నొప్పన్నారు. సరే, నవ్వుకోండి,” అని పెట్టేసింది.

ఆయన ఉన్నపళంగా మళ్ళీ విశ్వంభరరావుగారి గదిలోకి దూరాడు. ఫోటోలో నవ్వెక్కడిదని అడిగాడు.

“ప్రయాణికులు ఎండలో సహజంగా మొహం చిట్లిస్తారు. అందుచేత ప్రచార విభాగం వారు నవ్వును శాఖాపరంగా జోడిస్తారు,” అన్నారు విశ్వంభరరావుగారు.

“అయితే ఆ నవ్వే చూసి నాకు పాసు మార్కులెయ్యండి మరి. మీ శాఖదే కదండీ.”

విశ్వంభరరావుగారు అపచారం విన్నట్టు చెవులు మూసుకున్నంత పని చేశారు. “అది ప్రచార విభాగం నవ్వు. మేము కొలిచేది పరిశీలన విభాగం నవ్వు. రెండు విభాగాలూ వేరు.”

మర్నాడు ఆదివారం. ద్వితీయ శ్రేణివారికి పొద్దున్నే ఒక స్థానిక కుటుంబంతో ఉపాహారం ఉంటుంది. ఆ కుటుంబానికి వరసగా ఎనిమిదో రోజట, అతిథులకు ఉప్మా పెట్టడం. ఇంటావిడ గిన్నె ముందు పెట్టి, “తొందరగా ఆనందించండి బాబూ, మాకు పనులున్నాయి,” అంది. ఆవిడ చెప్పిన తీరు భీమశంకరానికి ఎంతో నచ్చింది. కనకవరంలో ఆయన విన్న మొదటి నిజమైన మాట అదే.

సప్లిమెంటరీ ఉన్నచోట కోచింగ్ ఉండకుండా ఎలా ఉంటుంది? విమానాశ్రయం ఎదురుగా అప్పటికే మూడు వెలిశాయి. ‘మొదటి ప్రయత్నంలోనే నవ్వు’ అని బోర్డు కట్టిన దాంట్లో భీమశంకరం చేరాడు. పొడుగాటి బల్లల మీద పెద్దపెద్దవాళ్ళు అద్దాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. మాస్టారు సుద్దముక్కతో బోర్డు మీద ఒక మొహం గీశాడు.

“పళ్ళకు ముప్పై మార్కులే. కళ్ళకు డెబ్బై. మనవాళ్ళంతా పళ్ళ మీద ఆశపెట్టుకుని దెబ్బతింటున్నారు. కళ్ళు ప్రిపేరవ్వండి. కళ్ళ కింద ముడత పడాలి. బాగా కావలసినవాళ్ళు గుమ్మంలోంచి లోపలికి వస్తున్నట్టు ఊహించుకోండి.”

భీమశంకరం మాణిక్యం గుమ్మంలోంచి వస్తున్నట్టు ఊహించుకోబోయాడు. ఎంత ప్రయత్నించినా గుమ్మంలోంచి పోతున్నట్టే కనపడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నీళ్ళు వద్దు. నెగటివ్ మార్కింగ్ ఉంది,” అని మాస్టారు హెచ్చరించాడు.

ఆ మధ్యాహ్నం సప్లిమెంటరీలో ఆయనకు పధ్నాలుగు వచ్చాయి. పురోగతి కనపడుతోందని విశ్వంభరరావుగారు భుజం తట్టారు.

సాయంత్రం భీమశంకరమే మాణిక్యానికి ఫోను చేశాడు. అవతల జనం సందడి, పిల్లల అరుపులు వినపడ్డాయి.

“పాలు బాగా పొంగాయి,” అంది మాణిక్యం. “భోజనాల్లో మీ విస్తరి వేసి ఉంచమన్నాను. చివరి పంక్తి దాకా ఉంచారు. తర్వాత తీసేశారు.”

భీమశంకరం ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

“ఇవాళ ఇంకో ఫోటో వచ్చింది. ఎవరింట్లోనో ఉప్మా తింటూ నవ్వుతున్నారు. నేను రేపు బయల్దేరి రాజమండ్రి పోతున్నాను. మిషను తెచ్చుకుంటాను. చెల్లెలి కొడుకు టిక్కెట్టు తీశాడు. కనకవరంలోనే మారాలంట, ఇంకో దారి లేదంట. మీరు పడవలో ఉంటే ఉండండి, నన్ను పలకరించక్కర్లేదు.”

సోమవారం భోజనాల వేళకే భీమశంకరం విమానాశ్రయం గాజు గోడ బయట నిలబడ్డాడు. ఆవిడ ఎలాగూ ఊరు చూడటానికి బయటికొస్తుంది, బస్సులో పక్క సీటు పట్టుకుంటే చాలు, ఒక్క పావుగంట మాట్లాడితే చాలు అన్నది ఆయన ఆలోచన. మాణిక్యం వచ్చింది. ముదురాకుపచ్చ చీర, చేతిలో టిఫిన్ క్యారేజీ. వచ్చి, కుర్చీలో కూర్చుంది. ఎవరూ ఆవిడ నెత్తిన టోపీ పెట్టలేదు.

భీమశంకరం మృణాళినిని పట్టుకున్నాడు. “ఆవిణ్ణి ఎందుకు బయటికి తీసుకురారమ్మా?”

మృణాళిని చేతిలోని పలక లాంటి దానిలో చూసి చెప్పింది. “ఆవిడ విరామం మూడు గంటలకు పది నిమిషాలు తక్కువ సార్. మూడు నిండకుండా నగరం చూపిస్తే నగరాన్ని తక్కువ చేసినట్టు. బయటికి పంపకూడదు.”

“పోనీ నన్ను లోపలికి పంపమ్మా.”

“మీకు పధ్నాలుగే కదా సార్.” ఆ పిల్ల గొంతులో నిజంగానే జాలి ఉంది. “నాకే గనక మార్కులేసే అధికారముంటే మీకు మొన్ననే నూరు వేసేసేదాన్ని.”

భీమశంకరం గాజు మీద వేళ్ళతో కొట్టాడు. మాణిక్యం తలెత్తి చూసింది. గాజు అవతల పసుప్పచ్చ టోపీలో మొగుడు. ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకుంది. టోపీ తీసేశాడు. అయినా ఇటు తిరగలేదు. మనిషికి, మనిషికి మధ్య ఇంత పల్చటి గోడ, దాన్ని దాటడానికి పది నిమిషాలు తక్కువ. తన పెళ్ళాన్ని ఇన్నాళ్ళూ ఎన్ని వేల పది నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టాడో భీమశంకరానికి అప్పుడు తెలిసొచ్చింది.

అయితే ఆయన ఊరికే ఏడ్చి ఊరుకునే మనిషి కాడు. ఆఫీసులో బతికినవాడు, ఆఫీసు భాష వచ్చినవాడు. మూడు రోజులుగా బతిమాలుకోవడం వల్ల పని కాలేదని గ్రహించి, టోపీ సరిగ్గా పెట్టుకుని, విశ్వంభరరావుగారి ముందు నిటారుగా నిలబడి, మైకు గొంతుతో అన్నాడు.

“అయ్యా, తమ దృష్టికి ఒక తీవ్రమైన లోపం తీసుకువస్తున్నాను. కేవలం పది నిమిషాల కొరత వల్ల ఒక ప్రయాణికురాలు నగర సౌందర్యానికి నోచుకోకుండా పోతున్నారు. ఈమె ఒక్కరే కాదు. గంట తక్కువైనవారు, రెండు గంటలు తక్కువైనవారు కనకవరాన్ని కన్నెత్తి చూడకుండా వేలాదిగా జారిపోతున్నారు. రేపు పైవాళ్ళు అడిగితే ఈ జారుడుకు బాధ్యులెవరు?”

బాధ్యులు అన్నమాట వినగానే విశ్వంభరరావుగారి మొహం పాలిపోయింది. “జారిపోతున్నారా? ఈ కోణం సమీక్షా సమావేశంలో ఎవరూ ప్రస్తావించలేదే. తమరి సూచన ఏమిటి?”

“విరామం సరిపోకపోతే విరామాన్ని పెంచాలండి. విమానాలు ఆగాలండి.”

విశ్వంభరరావుగారు కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు. అలాంటి మాట వినడానికే ఆయన ఉద్యోగంలో చేరినట్టుంది.

అరగంటలో ఉత్తర్వు వెలువడింది. పది నిమిషాలు తక్కువైనవాళ్ళకు పది నిమిషాలు, గంట తక్కువైనవాళ్ళకు గంట చొప్పున విమానాలు ఆగాయి. ఆగాయి కాబట్టి అందరికీ మూడు గంటలు నిండాయి. నిండాయి కాబట్టి అందరికీ టోపీలొచ్చాయి. పైలట్లూ మూడు గంటలు ఆగినట్టే లెక్క కాబట్టి వాళ్ళకూ టోపీలు పెట్టి బస్సెక్కించారు. టోపీలు చాలక చివరివాళ్ళకు పసుప్పచ్చ రుమాళ్ళు కట్టారు. కనకవరం వీధుల్లో ఆ రోజు ఊరివాళ్ళ కంటే ఊరు చూసేవాళ్ళే ఎక్కువ. బస్సు వెనక బస్సు నిలిచిపోయింది. గడియార స్తంభం చూడటానికి క్యూ కట్టారు.

ఆ హడావుడిలో భీమశంకరం బస్సులో మాణిక్యం పక్క సీటు పట్టాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చెరువు దగ్గర దిగి, నీళ్ళు లేని చెరువునూ, మట్టిలో పడవనూ, పడవను ఊపడానికి చొక్కాలు విప్పి నిలబడ్డ ఇద్దరు మనుషులనూ చూసింది.

“ఇదేనా మీరు పరవశించిపోయిన చెరువు?”

“ఇదే.”

“ఎక్కండి అయితే.”

ఇద్దరూ తేలే జాకెట్లు తొడుక్కుని ఎక్కారు. మనుషులు ఊపారు. మాణిక్యం ఒక చేత్తో టిఫిన్ క్యారేజీ పట్టుకుని, రెండో చేత్తో పడవ అంచు పట్టుకుని, ఎదురుగా నెర్రెలిచ్చిన నేలకేసి చూసింది. భీమశంకరం పదకొండు మార్కుల సంగతి, శాఖాపరంగా జోడించిన నవ్వు సంగతి, కోచింగులో మాస్టారి సంగతి చెప్పుకొచ్చాడు. “అది ప్రచార విభాగం నవ్వట, ఇది పరిశీలన విభాగం నవ్వట. రెండు విభాగాలూ వేరని మొహం మీదే చెప్పాడే,” అన్నాడు.

మాణిక్యానికి ముందు పెదవి అదిరింది. తరవాత భుజాలదిరాయి. తరవాత పడవను ఊపేవాళ్ళు ఊపడం మానేసినా పడవ ఊగుతూనే ఉంది. గట్టు మీద క్యూలో ఉన్నవాళ్ళు కూడా ఆవిడ నవ్వు విని తొంగిచూశారు.

బస్సులు ఇరుక్కుపోవడంతో సూర్యాస్తమయ కేంద్రానికి చేరేసరికి బాగా ఆలస్యమైంది. పథకం పెట్టిన తరవాత మొదటిసారి ఒక బస్సు అక్కడికి సూర్యాస్తమయం వేళకు వచ్చింది. ఏం చెప్పాలో మృణాళినికి తోచలేదు. ఎప్పుడూ ఊహించుకోమనే చెప్పింది. సూర్యుడు నిజంగానే రెండు సెల్ టవర్ల మధ్యకు దిగి, ఎర్రగా, పెద్దగా నిలబడ్డాడు.

మాణిక్యం క్యారేజీ విప్పింది. గృహప్రవేశం బూరెలు. ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

“నన్నెందుకు ఎక్కడికీ తీసుకెళ్ళలేదండీ?” అని మామూలుగా అడిగింది.

భీమశంకరం బూరె తుంచాడు. “ఆ కిటికీలోంచి నేను చూసిందంతా బస్సు తప్పినోళ్ళనే మాణిక్యం. పిల్లల్నెత్తుకుని, పెట్టెలు మోసుకుని పరిగెత్తుకొచ్చి, దుమ్ము చూసి నిలబడిపోయేవోరు. నిన్నలా నిలబెట్టాల్సొస్తుందేమోనని భయమేసేది. భయమని చెప్పలేక డ్యూటీ అన్నాను.”

“మరి నడుం నొప్పి?”

“అది నిజవే.”

“తప్పితే ఏమయ్యేదండీ? తర్వాత బస్సు ఉండేది కదా. ఆ మాట రోజూ మైకులో మీరే చెప్పేవోరు.”

సూర్యుడు పూర్తిగా దిగేదాకా ఇద్దరూ అక్కడే కూర్చుని బూరెలు తిన్నారు. మృణాళినికి కూడా ఒకటి పెట్టారు.

తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆనందమాపకం ముందు పెద్ద క్యూ. పైలట్లు ఎప్పుడో తొంభైలు తెచ్చుకుని లోపలికి పోయారు. భీమశంకరం వంతు వచ్చింది. ఆయన కెమెరా కేసి చూడనైనా లేదు, వెనక నిలబడ్డ మాణిక్యంతో ఏదో అంటున్నాడు. ఎర్ర అంకెలు తొంభై రెండు దగ్గర ఆగాయి.

విశ్వంభరరావుగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. పధ్నాలుగు నుంచి తొంభై రెండు. పథకం సాధించిన విజయానికి ఇంతకన్నా రుజువేం కావాలి? “తమ ఇండోరు విమానం సిద్ధంగా ఉంది, దయచేయండి,” అన్నారు.

“ఇండోరులో నాకెవరున్నారండీ?” అన్నాడు భీమశంకరం.

అప్పుడు మాణిక్యం కెమెరా ముందుకొచ్చింది. కొంగు సర్దుకుంది. పెదవులు బిగించి, కనుబొమలు ముడిచి, పాలు విరిగిన రోజున పాలవాడి కేసి చూసినట్టు దాని కేసి చూసింది. అది కొంతసేపు తడబడి ఆరు మార్కులేసింది. ఇంతవరకు ఎవరికీ అంత తక్కువ రాలేదు.

“అమ్మా,” అన్నారు విశ్వంభరరావుగారు, “కనకవరం తమకు ఏ విషయంలో లోటు చేసింది?”

“ఏమోనండీ, నాకేమీ ఆనందం కలగలేదు. చూసింది ఒక్కపూటే కదా.”

“రేపు సప్లిమెంటరీ ఉంది. ద్వితీయ శ్రేణి కింద మ్యూజియం, తోట, స్థానిక కుటుంబంతో ఉపాహారం కూడా చూపిస్తాం. తమరు తప్పక పాసవుతారు.”

“ఏమోనండీ. చూద్దాం. రెండు మూడుసార్లు తప్పుతానేమో,” అంది మాణిక్యం దిగులుగా.

భీమశంకరానికి సంగతి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక బోర్డు కేసి చూశాడు. ఇండోరు పక్కనా, రాజమండ్రి పక్కనా ఆకుపచ్చ దీపాలు వెలుగుతున్నాయి. జీవితంలో మొదటిసారి వాటికి వీపు తిప్పాడు.

“అయ్యా, నాదో మనవి. తొంభై రెండుతో నాకు తృప్తి లేదు. రేపు నేను కూడా ఇంప్రూవ్‌మెంట్‌కి కూచోవచ్చాండీ?”

అంతటి క్రమశిక్షణ చూసి విశ్వంభరరావుగారి కళ్ళు చెమర్చాయి. వెంటనే సంతకం పెట్టారు.

“మరి మిషను?” అన్నాడు భీమశంకరం మెల్లిగా, బస్సు వైపు నడుస్తూ.

“ఇంట్లోనే ఉంటుంది లెండి. అదెక్కడికి పోతుంది?”

మృణాళిని వెనకాలే వచ్చి ఆవిడ చేతిలో కొత్త పసుప్పచ్చ టోపీ పెట్టి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. “అమ్మగారూ, చెరువులో అంతగా నవ్వారు కదండీ. ఆరు మార్కులేంటండీ?”

మాణిక్యం టోపీ పెట్టుకుని, మొగుడి టోపీ కూడా సరిచేసి, కెమెరా కంటపడకుండా ఇటు తిరిగాక గానీ నవ్వలేదు.

“అది మా ఇంటి విభాగం తల్లీ. రెండు విభాగాలూ వేరు.”